మా పాపను అప్పుడే ఇంటికి పంపకండి

ఏలూరు,
గురువారం.

శ్రీయుత సూపరింటెండెంటు గారి సముఖమునకు,
పసిపిల్లల ఆసుపత్రి, ఏలూరు.

తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లు గుమాస్తా, ప్రస్తుతము తమ ఆసుపత్రి వరండాలో నివాసము ఉంటున్న మద్దాల బెంజమిన్ వ్రాసుకొను విన్నపము.

విషయం: తమ నవజాత శిశు విభాగములో చికిత్స పొందుచున్న మా ఆడశిశువును, ఎవరు ఫోను చేసినను, ఎంతటివారు సిఫారసు చేసినను, ఇంజెక్షన్ల కోర్సు పూర్తి కాకుండా డిశ్చార్జి చేయవద్దని కోరుట గురించి.

అయ్యా,

పై విషయం చదివి తాము కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివి ఉంటారని ఊహించుచున్నాను. తమ బల్ల మీదికి వచ్చు అర్జీలన్నియు "మా బిడ్డను చేర్చుకోండి", "మా బిడ్డను త్వరగా పంపండి" అను రెండు రకములే అయి ఉండును. చేర్చుకున్న బిడ్డను పంపవద్దని కన్నతండ్రి కోరుట విడ్డూరముగా తోచవచ్చును. నాకు మతి సరిగానే ఉన్నదనియు, నిద్ర మాత్రము లేదనియు మనవి. జరిగిన సంగతులు వరుస నంబర్లతో ఈ దిగువ పొందుపరచుచున్నాను.

1. నా భార్య కెజియాకు ఇది తొలి కాన్పు. కాన్పు గూడెంలోనే సాఫీగా జరిగినది. తల్లియు బిడ్డయు క్షేమము. తదుపరి ఆనవాయితీ ప్రకారము వారిని పుట్టింటికి, అనగా కొల్లేరు నడుమ గల కొమ్మర్తిలంకకు పంపడమైనది. అచ్చట మా అత్తగారు అచ్చమ్మ గారు కలరు. ఆవిడను గూర్చి ముందుగానే చెప్పవలెను, ఏలయనగా ఈ అర్జీలో సగము ఆవిడ గురించే.

లంకలో ఏ ఇంట బిడ్డ పుట్టినా నీళ్ళు పోసేది మా అత్తగారే. గట్టు మీద కాపలావాళ్ళ పాక అయినా, చెరువులు లీజుకు తీసుకున్నవాళ్ళ మేడ అయినా కబురు ఆవిడకే వస్తుంది. కాళ్ళు బారచాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, మోచేత్తో నీళ్ళ వేడి చూసుకుని పోస్తుంటే, గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కూడా సర్దుకుంటుంది. ఆ తర్వాత సాంబ్రాణి పొగ. బొడ్డుకు ఆముదంలో రంగరించిన పసుపు. ఒంటికి పౌడరు. ఇందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. ఆవిడ చేతి చలవ వల్లే పిల్లలు నిలబడుతున్నారని లంక అంతా అంటుంది. పెళ్ళయిన కొత్తలో నాకు కూడా అదే చెప్పారు, నేనూ తల ఊపాను.

2. పుట్టింటికి వెళ్ళిన కొద్ది రోజులకే కెజియా నుండి ఫోను వచ్చినది.

"ఏవండీ, పాప పాలు పట్టడం లేదండీ. రొమ్ము నోట్లో పెడితే ఓ రెండుసార్లు లాగి వదిలేస్తోంది. అస్తమానూ నిద్రపోతానే ఉంటోంది. అమ్మని అడిగితే నిద్ర బిడ్డేలే అంటోందండీ."

వెనక నుంచి అత్తగారి గొంతు వినబడింది. "ఏం లేదండి అల్లుడుగారూ! మా కెజియా కూడా ఇలాగేనండి, పుట్టాక నెల్లాళ్ళు కళ్ళు తెరిస్తే ఒట్టండి. మీరేం కంగారు పడకండి."

నేను కంగారు పడ్డాను. మిల్లులో చెప్పి బస్సెక్కి, గణపవరం దాటాక ఆటో మాట్లాడుకుని, చెరువు గట్ల మీదుగా లంక చేరాను. బిడ్డను చూసిపోవడానికి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండుగా ఉంది. అందరూ బిడ్డను మెచ్చుకుంటున్నారు. "ఎంత బుద్ధిమంతురాలండీ, ఏడుపన్నదే లేదు!" అని ఒకరు. "తల్లిని బొత్తిగా కష్టపెట్టదండి!" అని ఇంకొకరు. నేను బిడ్డ పాదాలు పట్టుకుని చూశాను. తడిగుడ్డ పట్టుకున్నట్టు చల్లగా ఉన్నాయి. చెయ్యి పైకెత్తి వదిలితే ఆ చెయ్యి ఎటు పడితే అటు జారిపోయింది.

అయ్యా, ఆ మెచ్చుకున్నవాళ్ళందరూ చేపల చెరువుల మీద బతికేవాళ్ళే. చెరువులో వేలాడదీసిన మేత సంచి పైకి లాగినప్పుడు మేత మిగిలి ఉంటే వాళ్ళ మొహాలు మాడిపోతాయి. చేప మేత ముట్టలేదంటే జబ్బు తగిలిందని వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. నీళ్ళు సీసాలో పట్టుకుని పరీక్షకు పరుగెడతారు, మందు చల్లిస్తారు, గట్టు మీదే కూర్చుంటారు. ఆ మనుషులే పాలు ముట్టని పసిగుడ్డును చూసి బుద్ధిమంతురాలు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. కాని నేను ఆ ఇంటి అల్లుణ్ణి. చుట్టాల ముందు అల్లుడు గొంతు పెంచకూడదు గనుక పెంచలేదు.

3. "డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్దామండీ" అని మాత్రము మనవి చేసుకొంటిని.

"వెళ్దామండి, నేను వద్దన్నానా?" అన్నారు అత్తగారు. "అయితే బిడ్డను ఇలాగే తీసుకెళ్తారేంటండీ?"

"ఇలాగే అంటే ఏంటండీ?"

"జిడ్డు మొహంతోనండీ. పాల కంపుతోనండీ. డాక్టరు గారు ముట్టుకోవద్దాండీ? ఎవరి పిల్లమ్మా అంటే అచ్చమ్మ మనవరాలంటారండి. నా పరువేం కానండీ?"

ఈ అంశము తాము దయచేసి రెండుసార్లు చదవవలెను. మా వైపు బిడ్డకు ఒంట్లో బాగోకపోతే, ఆసుపత్రికి బయల్దేరే ముందు ముస్తాబు చేస్తాము. డాక్టరంటే గౌరవం మరి. ఆదివారం మందిరానికి ఎలా తీసుకెళ్తామో ఆసుపత్రికీ అలాగే తీసుకెళ్తాము. ఆ ముస్తాబు ఎట్లు జరిగినదనగా:

(అ) చల్లబడిన బిడ్డకు వేణ్ణీళ్ళు పోశారు. కుంపటి దగ్గర కూర్చుని, చేతులు కాచి ఒంటికి అద్దారు. దుప్పటి కూడా సెగకు పట్టి చుట్టబెట్టారు. దానితో బిడ్డ పట్టుకుంటే వెచ్చగా అయింది.

(ఆ) బొడ్డు చుట్టూ ఎర్రగా ఉందేమిటని కెజియా అనుమానపడింది. "ఒరుసుకుందిలేవే, కాస్త ఎక్కువ పసుపేస్తే అదే పోద్ది" అని పొట్ట మీద అరచేతి వెడల్పున పసుపు ముద్ద పట్టించారు.

(ఇ) ఒళ్ళు పాలిపోయి కనబడుతోందని మొహానికీ గుండెలకూ పౌడరు.

(ఈ) కళ్ళకు కాటుక, బుగ్గన చుక్క. మేము క్రైస్తవులము, దిష్టి నమ్మము. అందుచేత ఆ చుక్కను అందం అంటాము.

(ఉ) గౌను. దాని మీద స్వెట్టరు. కుచ్చుల టోపీ, మేజోళ్ళు.

(ఊ) దారిలో ఏడవకుండా పంచదార నీళ్ళలో ముంచిన గుడ్డ పీలిక నోటికి. ఏడ్చే ఓపిక ఉంటే గదా ఏడవడానికి!

జబ్బు తగిలిన పసికందులో చూడవలసిన గుర్తులు ఏమిటో నాకు ఇక్కడికి వచ్చాక తెలిసింది. పాలు మానేయడం. కదలిక తగ్గి మగతగా పడి ఉండటం. ఒళ్ళు కాలడం, లేదా చల్లబడటం. ఊపిరి గబగబా తీయడం, డొక్కలు లోపలికి పోవడం. బొడ్డు చుట్టూ ఎర్రబడటం, చీము. అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడటం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే పరుగెత్తుకు రావాలట. మేము ఒక్కొక్కదాన్నే వెతికి వెతికి కప్పిపెట్టి, అప్పుడు బయల్దేరాము. పగవాడైనా ఇంత శ్రద్ధగా చేయడు.

4. ముందుగా దగ్గరలోని ఆరోగ్య కేంద్రమునకు పోయితిమి. అచ్చటి నర్సు పుష్పలత గారి మీద నాకు ఫిర్యాదు లేదు. అసలు ఉన్నది, కాని ఆవిడ చాలా మంచి మనిషి.

ఆవిడ చంకలో థర్మామీటరు పెట్టి చూశారు. కుంపటి సెగ ఇంకా ఒంటి మీదే ఉంది కదా, నార్మల్ అని వచ్చింది. "జ్వరం లేదండి" అన్నారు. తర్వాత "ఒకసారి బట్టలు విప్పి చూస్తానండి పిన్నిగారూ" అని కూడా అన్నారు. అన్నారు, అబద్ధం చెప్పకూడదు.

"వద్దమ్మా, గాలి కొడుతుంది. ఇప్పుడే నీళ్ళు పోశాను" అన్నారు మా అత్తగారు.

"సరేనండి" అన్నారు పుష్పలత గారు.

అంతే. అక్కడే నిలబడి ఉన్న నేను కూడా "విప్పండి" అనలేదు. మా ప్రాంతంలో అండీ లేకుండా మాట బయటికి రాదు. పెద్దవాళ్ళు వద్దంటే సరేనండి, డాక్టరు గారు అక్కర్లేదంటే సరేనండి, చుట్టాలు కూర్చోమంటే సరేనండి. ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా అందరం కలిసి బిడ్డను ప్రాణాపాయం దాకా తీసుకెళ్ళాము. 

పుష్పలత గారు వివరాలు తమ ఫోనులో ఎక్కించుకున్నారు. జ్వరము: లేదు. మేము ఆటో ఎక్కేలోగా నాకు మెసేజీ వచ్చింది. మా శిశువు ఆరోగ్యంగా ఉన్నందుకు తల్లిదండ్రులకు శుభాకాంక్షలు అట. ఆ ఫోను ఇంకా నా దగ్గరే ఉంది, కోరినచో తమ ముందు హాజరుపరచగలను. అయినా బయల్దేరేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "పాలు పట్టట్లేదంటున్నారు కాబట్టి పిల్లల డాక్టరు గారికి కూడా చూపించండి" అన్నారు. ఆ మాటకు నేను ఆవిడకు రుణపడి ఉన్నాను.

5. గూడెంలోని పిల్లల డాక్టరు గారి పేరు ఇందు వ్రాయుట లేదు. వారి వద్ద ఆ రోజు జాతరలా ఉన్నది. మా వంతు వచ్చేసరికి వారు అప్పటికే తదుపరి బిడ్డ వైపు చూచుచున్నారు.

"పాలు పట్టడం లేదండి" అన్నాను. సరిగ్గా అదే క్షణంలో మా పాప పంచదార పీలికను చప్పరించింది. "తాగుతోంది కదండీ!" అన్నారాయన. స్వెట్టరు మీదే స్టెతస్కోపు ఆనించారు. ముద్దుగా ఉంది అన్నారు. గ్యాసుకు చుక్కల మందు రాశారు.

అయ్యా, మిల్లులో నా పని ఏమిటో చెబుతాను. ధాన్యం బస్తాలు వస్తే, బస్తా మూతి దగ్గర కనబడే గింజను మేము లెక్కలోకి తీసుకోము. బస్తాలోకి గుచ్చి, నడుమ నుంచి గింజ తీసి, దాని తేమ చూస్తాము. పైన ఎండిన గింజ పోసి లోపల తడి గింజ తెచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో నేను రోజూ తగాదా పడతాను, నిర్మొహమాటంగా మాట్లాడతానని మిల్లులో నాకు పేరు. అంతటివాణ్ణి నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి టోపీ, స్వెట్టరు చూపించి, నార్మల్ అనిపించుకుని, చుక్కల మందు పుచ్చుకుని, నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. ఇంకోసారి చూడండి అంటే డాక్టరు గారిని అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాను.

6. ఎవరూ విప్పని బట్టలు వాంతి వల్ల విప్పవలసి వచ్చినది.

గూడెంలో మా అద్దె గదికి చేరాము. అత్తగారు చుక్కల మందు కోసం మందుల షాపుకు వెళ్ళారు. ఇంతలో బిడ్డ వాంతి చేసుకుంది. ఆకుపచ్చగా వచ్చింది. టోపీ నుంచి మేజోళ్ళ దాకా తడిసిపోయాయి. కెజియా అన్నీ విప్పేసి తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం మొదలుపెట్టింది. నేను దుప్పటి ఆరేస్తున్నాను.

"ఏవండీ" అంది.

వెళ్ళి చూశాను. పసుపు తుడిచిన చోట పొట్ట ఎర్రగా, ఉబ్బి, నిగనిగలాడుతోంది. బొడ్డులో చీము. వాసన. పౌడరు పోయిన చోట ఒళ్ళు బూడిద రంగులో ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆ చిన్న డొక్కలు లోపలికి గుంటలు పడుతున్నాయి.

"మనం వాళ్ళకి ఏం చూపించామండీ?" అంది కెజియా. నేను 108కి ఫోను చేశాను.

అంబులెన్సు వచ్చేలోగా అత్తగారు తిరిగి వచ్చారు. బిడ్డను చూశారు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా, ఆవిడ చేతులకు ఇంకో పని తెలియక కాబోలు, సంచిలోంచి పౌడరు డబ్బా తీశారు. "ఇలా తీసుకెళ్తే ఏమంటారండీ" అంటున్నారు, ఏడుస్తూనే. నేను ఆ డబ్బా ఆవిడ చేతిలోంచి లాక్కుని వీధిలోకి విసిరేశాను. "ఇక చాలు, ఊరుకో!" అన్నాను. అత్తగారిని. ఏకవచనంలో.

అప్పటి నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మర్యాద మాత్రం తప్పలేదు. ఒకే బెంచీకి ఈ చివర నేను, ఆ చివర ఆవిడ. "అల్లుడుగారిని టిఫిను తినమనవే, ఆరిపోతోంది" అని కెజియాతో చెప్పిస్తారు.

7. తమ ఆసుపత్రిలో డాక్టరు తేజశ్రీ గారు అను చిన్నవయస్కురాలు మా బిడ్డను అందుకొన్నారు. ఆవిడ చేసిన మొదటి పని దుప్పటి తీసి, దీపం వెలుతురులో బిడ్డను ఆమూలాగ్రము చూచుట. ఇంత చిన్న పని కోసం మేము గట్లు దాటి, ఊళ్ళు దాటి, ఏలూరు దాకా రావలసి వచ్చినది.

బొడ్డు దగ్గర మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. ఆక్సిజను పెట్టారు, రక్తం తీసి కల్చరు పరీక్షకు పంపారు, ఫలితం కోసం చూడకుండానే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పసుపు మరకలు, కాటుక చూసి, "ఇంత బాగా ఎవరు చూసుకుంటున్నారమ్మా పాపను?" అని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు.

"నేనేనండి" అన్నారు మా అత్తగారు, ఆ కంగారులోనూ కాస్త గర్వంగా.

డాక్టరు గారు బొడ్డుకు ఏమీ రాయకూడదనీ, పొడిగా వదిలేస్తే అదే ఎండి ఊడిపోతుందనీ, ఒంట్లో బాగోని బిడ్డకు స్నానం చేయించకూడదనీ, తల్లి గుండెలకు ఆనించి వెచ్చగా తీసుకురావాలనీ మెల్లగా చెప్పారు. అత్తగారు అన్నిటికీ "అలాగేనండి" అన్నారు. ఆ అలాగేనండికి అర్థం ఏమిటో ఇన్నాళ్ళ కాపురంలో నాకు తెలియదా!

8. ఇక అసలు విషయము. దేవుని దయవల్ల, తమ సిబ్బంది శ్రమవల్ల బిడ్డ తేరుకున్నది. ఆక్సిజను తీసివేసినారు. కెజియా లోనికి పోయి పాలిచ్చుచున్నది, బిడ్డ త్రాగుచున్నది. అనగా బిడ్డ మరల ముద్దుగా కనబడుచున్నది. నాకు భయము ఇందువల్లనే.

"చూడటానికి బాగానే ఉంటుందండి. అది చూసి తొందరపడకండి" అన్నారు తేజశ్రీ గారు. "కల్చరులో వచ్చిన క్రిమి మొండిది. కోర్సు మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. అప్పుడు ఈ మందులు పని చేయకపోవచ్చు. ఈ సూదులు రోజూ వేళకు, ఇక్కడే పడాలి."

అయితే వచ్చే ఆదివారం లంకలో బిడ్డకు పేరు పెట్టే ప్రార్థన. కాన్పుకు ముందే అనుకున్నది. పాస్టరు గారికి చెప్పారు, చుట్టాలకు చెప్పారు, విందుకు చేప కూడా చెప్పారు. బిడ్డ ఆసుపత్రిలో ఉన్న సంగతి తెలిసి నిన్న చెరువుల లీజుదారు వీరేంద్ర గారు స్వయంగా కారులో వచ్చారు. ఆయన బిడ్డలకూ మా అత్తగారే నీళ్ళు పోశారు, ఆ అభిమానం. "దిగులు పడకండి అచ్చమ్మ గారూ, పైనుంచి ఒక ఫోను కొట్టిస్తాను. ఆదివారానికి మీ మనవరాలు మీ ఒళ్ళో ఉంటది. మిగతా సూదులు లంకలో వేయించుకోలేమా ఏంటి?" అన్నారు. అత్తగారు అవుననలేదు, కాదనలేదు. కళ్ళు తుడుచుకున్నారు. మా వైపు దానిని అవుననే అంటారు.

కెజియా నా మొహం చూసింది. నేను వీరేంద్ర గారి మొహం చూశాను. అంతటి పెద్దమనిషి పనిగట్టుకుని వచ్చి సాయం చేస్తానంటే, కాదని నోటితో ఎలా చెప్పను? అప్పటికే అత్తగారిని ఏకవచనంలో అన్న పాపం ఒకటి నా నెత్తిన ఉంది. "చాలా థాంక్సండి" అన్నాను. అన్నందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఆ రోజు ముస్తాబును చూసి అందరూ నార్మల్ అన్నారు. రేపు మళ్ళీ అలాగే చూసి ఇంటికి తీసుకుపోతారు. ఈసారి లంకలో ఏదైనా జరిగితే మళ్ళీ ఇక్కడిదాకా ప్రాణంతో వస్తుందన్న నమ్మకం నాకు లేదు. నాకు ఉన్నది ఈ ఒక్క బిడ్డ. ఇంకా పేరు కూడా లేదు.

9. (ఇది ఏడవ అంశములో వ్రాయవలసినది, మరచితిని.) విభాగం బయట కుళాయి దగ్గర, లోపలికి వెళ్ళేవారు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడగాలని బోర్డు ఉంది. సబ్బు పెట్టె ఉంది. సబ్బు లేదు. నేను కొని పెట్టాను. మర్నాడు చూస్తే పెట్టె కూడా లేదు.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా:

ఒకటి. ఎంత పైనుంచి ఫోను వచ్చినా, తేజశ్రీ గారు చాలు అనేవరకు మా బిడ్డను పంపవద్దు.

రెండు. ఈ నిరాకరణ పూర్తిగా తమ సొంత నిర్ణయమైనట్లు, కఠినముగా, వీలైతే కొంచెము కోపముగా ప్రకటించవలెను. నేను కోరినట్లు మా అత్తగారికి గాని, వీరేంద్ర గారికి గాని తెలియరాదు. కావాలంటే వారి ఎదుట నన్ను కూడా నాలుగు తిట్టండి, పడతాను.

మూడు. ప్రతి ఆరోగ్య కేంద్రం గుమ్మంలో ఇలా ఒక బోర్డు పెట్టించమని తాము పైవారికి రాయాలి: "బిడ్డను ముస్తాబు చేయకండి. ఎలా ఉంటే అలా తీసుకురండి." నర్సులకూ డాక్టర్లకూ ఒక మాట చెప్పాలి. బామ్మ వద్దన్నా, అమ్మమ్మ అలిగినా, తండ్రి మర్యాదకు నోరు మూసుకున్నా, బట్టలు విప్పి చూడండి. బిడ్డకు జ్వరం లేదంటే జబ్బు లేదని కాదు. చల్లగా ఉంటే ఇంకా భయపడండి.

నాలుగు. సబ్బు.

కోపంలో ఏవైనా మాటలు జారి ఉంటే వాటిని తండ్రి కడుపుమంటగా ఎంచి పక్కన పెట్టి, బిడ్డ సంగతి మాత్రము తప్పక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మద్దాల బెంజమిన్
(కెజియా బిడ్డ తండ్రి. విభాగం పుస్తకంలో అలాగే రాశారు.)

తా.క. మా ఆయన ఈ అర్జీ బెంచీ మీద పెట్టి, పైన నీళ్ళ సీసా పెట్టి, టీకి వెళ్ళారు. అమ్మ చూసింది. అమ్మకు చదువు రాదు. అందులో తన పేరు ఉందా అని అడిగింది. ఉందన్నాను. చదవమంది. మొదట వద్దన్నాను, తర్వాత ఏమీ వదలకుండా మొత్తం చదివాను. ఇక్కడి నుంచి అమ్మ చెబుతుంటే నేను రాస్తున్నది. కెజియా.

అయ్యా, అచ్చమ్మనండి. వందనాలండి. అల్లుడుగారు రాసిందంతా నిజమేనండి. పౌడరు డబ్బా సంగతి కూడా నిజమేనండి. ఊరుకో అన్నారని కాదండి నాకు బాధ. అంత కోపం ఆ పొద్దున్న లంకలోనే ఎందుకు రాలేదా అని బాధండి. వచ్చుంటే తిట్టుకునేదాన్నండి, తిట్టుకుంటూనే వినేదాన్నండి.

వీరేంద్రబాబుకి ఇందాకే కెజియా చేత ఫోను చేయించానండి. ఎవరికీ చెప్పొద్దు బాబూ, పిల్ల ఇక్కడే ఉంటదని చెప్పేశానండి. పాస్టరు గారికి కూడా చెప్పానండి. ప్రార్థన ఎప్పుడైనా చేసుకోవచ్చండి. డాక్టరమ్మ గారు ఎన్నాళ్ళు ఉండమంటే అన్నాళ్ళు ఉంటామండి. మీరు కోపం నటించక్కర్లేదండి.

నాదొక్క కోరికండి. మా లంకలో ఉషశ్రీ అని మా ఎదురింటి పిల్లకి నెలలు నిండాయండి. ఇవాళో రేపో కాన్పండి. నన్నే పిలుస్తారండి. వద్దంటే ఇంకొకరిని పిలుస్తారు గాని మానరండి. ఇన్నాళ్ళూ నాకు పసుపు రాయడమే తెలుసండి, దాని కింద ఏం చూడాలో ఎవరూ చెప్పలేదండి, నేనూ అడగలేదండి. మమ్మల్ని అద్దం అవతల నుంచే చూడనిస్తున్నారండి. ఒక్కసారి నన్ను లోపలికి రానివ్వండి. డాక్టరమ్మ గారు పక్కనుండి, మా పిల్ల ఒంటి మీద ఎరుపు ఇక్కడ చూడాలి, వాపు ఇక్కడ చూడాలి, ఊపిరి ఇలా లాగితే జబ్బు అని వేలు పెట్టి చూపించాలండి. ఆ జబ్బు ఎలా ఉంటదో నా కళ్ళతో చూడకుండా, ఇంకో బిడ్డని నా కాళ్ళ మీద పడుకోబెట్టుకోలేనండి.